మూడో నంబరు పంపు

సిక్స్‌టెన్ అని పేరు చెప్పిండు.
ఆరూ పదీ ఏంది, పదహారా అని
మా క్యాంపుల నవ్వుకున్నం. ఆయనా నవ్విండు.
వాళ్ల పాత భాషల గెలుపు రాయి అని అర్థమట.
మా ఫోర్‌మన్ పోశెట్టి ఆ దినం సంది
రాయి సారూ అనే పిలిచిండు.

ఒమన్‌ల సూర్ పట్నం, సముద్రం ఒడ్డు.
ఉప్పునీళ్లను మంచినీళ్లు జేసే ఫ్యాక్టరీ.
నేను పోయేసరికే ఆయన అక్కడ పాతకాపు.
డెబ్బై తొమ్మిదిల దిగిండట,
చేతి మీద ఉన్ని కోటు, జేబుల రెండేండ్ల కాగితం.
ఆ కోటు స్టోర్‌రూంల మేకుకు ఇంకా వేలాడ్తది
రబ్బరు గాస్కెట్ల పక్కన.
దాని భుజాల మీద దుమ్ము,
ఎన్నటికీ కరగని మంచు.

పని నేర్పేటప్పుడు మాట తక్కువ.
పెద్ద స్క్రూడ్రైవర్ మొన పంపుకు ఆనిచ్చి
పిడి చెవికి పెట్టుకొని కండ్లు మూసుకునేటోడు,
మంత్రసాని కడుపు మీద చెవి పెట్టినట్టు.
విను, అనేటోడు.
నాకు రొద తప్ప ఏం వినొచ్చేది కాదు.
ఆరు నెలలకు రొదల ఒక గీత దొరికింది,
ఏడాదికి ఆ గీతల ఒక సన్నని విరుపు.
అయ్యాల జీతం పెరగలే గని
ఆ స్క్రూడ్రైవర్ నా చేతుల పెట్టిండు.

ఒకటి చెప్పాలె, దాచుడెందుకు.
ఆయనకు సముద్రం కనపడే ఇల్లు,
మాకు గదికి ఎనిమిది మంచాలు.
ఆయన్ను ఎక్స్‌పాట్ అంటరు, మమ్మల్ని లేబర్.
ఆయన జీతం చీటీ ఒకపారి ప్రింటర్ల మర్చిపోతే చూసిన.
రెండు దినాలు మాట్లాడలే.
మూడో దినం ఆయనే వచ్చి
లెక్క సరిగ లేదు, నాకు తెలుసు అన్నడు.
అంతే. సరి చేసిందేం లేదు.

శుక్రవారం పొద్దుగాల పడవల వాడకు పోయేటోళ్లం.
పడవలు చెక్కే ఖల్ఫాన్ కహ్వా పోస్తే
ఆ యాలకుల వాసనకు నోరు తెరిచేటోడు:
వాళ్లమ్మ కాల్చే రొట్టెల్లనూ యాలకులేనట,
మంచు పడే దినం ఇల్లంత అదే వాసనట.
యాలకులు మా దిక్కువి గద సారూ అంటే
అట్లయితే పుట్టకముందే మీకు చుట్టాన్ని అన్నడు.

ఇసుక గాలి కొట్టిన తెల్లారి
గేటు ముందరి కుప్పను పారతోని ఎత్తేటోడు.
నడుం వంచే తీరు చూస్తే
ఇసుక కోసం నేర్చిన పని కాదని తెలిసేది.

అరవై ఐదు నిండినంక
వీసా కాగితం మీద ఒక ముద్ర.
గాజు పెట్టెల వెండి పడవ ఇచ్చిన్రు,
చప్పట్లు కొట్టిన్రు.
మస్కట్ దాక పోయి ఇమానం ఎక్కించి వచ్చిన.
కోటు తీస్కపోలే.

నాలుగు నెలలకు విజిట్ వీసా మీద దిగిండు.
అక్కడ చలికాలం మూడింటికే చీకటట.
చీకటి ఓర్చుకోవచ్చు గని సప్పుడు లేదు అన్నడు,
రాత్రిళ్లు గోడకు చెవి ఆనిచ్చి
నల్లా పైపులు వినుకుంట పండేటోడట.
పోయేటప్పుడు మన నీళ్లు ఒక సీసాల పట్టుకపోయిండట
చెల్లె సిగ్నెకు.
ఆమె తాగి, దీనికి ఏ రుచీ లేదు గద అన్నదట.
అదే, అన్నడు నాతోని,
ముప్పై ఏడేండ్లు నేను చేసింది అదే.

గేటు కాడ కొత్త సెక్యూరిటీ పిలగాడు, నేపాలీ,
పాస్ లేనిది ఇడువ అన్నడు.
రిజిస్టర్ల రాసిన: విజిటర్.
వచ్చిన పని అని ఉన్న కాడ
ఏం రాయాల్నో తోచలే, గీత గీసిన.

లోపల
మూడో నంబరు పంపు ముందర నిలబడి చెయ్యి చాపిండు.
స్క్రూడ్రైవర్ ఇచ్చిన.
కండ్లు మూసుకున్నడు.
శానా సేపు.
బేరింగ్, అన్నడు. వచ్చే నెల.

నాకు మొన్ననే వినపడ్డది అది.
చెప్పలే.
ఔనా సారూ అని
లాగ్‌బుక్కుల ఆయన పేరు మీద రాసిన.